రెండు వాగుల మధ్య ఇల్లు

మా ఇంటికి పూజ వంతు వచ్చిందంటే నా మొగుడు ఫెర్గల్‌కి పెయింటు డబ్బాలు గుర్తొస్తాయి, మా అత్తగారు హొనోరాకి పరువు గుర్తొస్తుంది, నాకు నడుం నొప్పి గుర్తొస్తుంది. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకసారి, చలి ముదరక ముందు ఒకసారి, ఫాదర్ కింద ఉన్న చర్చి వదిలి కొండ మీదకొస్తాడు. వరస ప్రకారం ఎవరో ఒకరి ఇంట్లో పూజ చేస్తాడు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా వస్తారు. పూజ అయ్యాక టిఫిను. ఈ ఆచారమే లేకపోతే మా ఊరు డ్రమ్‌కీల్‌లో సగం ఇళ్లు సున్నం ముఖం చూసి ఉండేవి కావు.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఒక ఇంటికి వంతు మళ్లీ రావడానికి కడుపులో ఉన్న పిల్ల పుట్టి, నడక నేర్చి, బడికి పోయేంత కాలం పట్టేది. ఇప్పుడు పోయినసారి వేసిన రంగు మాసేలోపే వచ్చేస్తోంది. ఇళ్లు ఎక్కడికీ పోలేదు, మనుషులే లేరు. గిల్రేన్ వాళ్లు వెళ్లిపోయాక వాళ్ల పొలంలో ప్రభుత్వం స్ప్రూస్ చెట్లు నాటింది. మెక్‌హ్యూ వాళ్లు వెళ్లిపోయాక అక్కడా నాటింది. మా కొండ మీద ఈమధ్య ఏపుగా పెరిగినవి ఆ చెట్లు ఒక్కటే. పై మలుపు దాటితే పగలు కూడా చీకటి. ఆ చీకటి వెనకే మాలకీ టియర్నీ ఇల్లు.

మా పారిష్, అంటే మా చర్చి కిందికొచ్చే ఊరు, వాగు దగ్గర ఆగిపోతుంది. వాగు అవతల గ్లాన్‌బ్రాక్ పారిష్. అంతవరకు ఏ పేచీ లేదు. కానీ కొండ నడుం దగ్గర ఆ వాగు రెండు పాయలుగా చీలి, మాలకీ ఇంటినీ పొలాన్నీ నడుమ పెట్టుకుని వచ్చి, కింద మళ్లీ కలుస్తుంది. హద్దు ఏ పాయ? మావాళ్లను అడిగితే ఇవతలి పాయ అంటారు, కాబట్టి మాలకీ గ్లాన్‌బ్రాక్ వాడు. గ్లాన్‌బ్రాక్ వాళ్లను అడిగితే వాళ్ల వైపు పాయ అంటారు, కాబట్టి మాలకీ డ్రమ్‌కీల్ వాడు. కొండ నిండా జనం ఉన్న రోజుల్లో రెండు ఊళ్లవాళ్లూ ఇదే మాట తిరగేసి చెప్పేవారట. చర్చికి చందా ఇచ్చే ఇల్లు కదా, ఎవరు వదులుకుంటారు!

మాలకీ అక్క డీలియా బతికున్నంతకాలం ఈ సందేహమే రాలేదు. ఆవిడ మా చర్చికే వచ్చేది. పూజ వరసలో మా ఇంటి తర్వాత వంతు ఆవిడదే. మాలకీ మాత్రం ఎప్పుడో వయసులో ఉండగా ఒక పొట్టేలు విషయంలో మా మామగారితో మాటా మాటా అనుకుని, ఆ వచ్చే ఆదివారం నుంచే గ్లాన్‌బ్రాక్ చర్చికి పోవడం మొదలుపెట్టాడు. తర్వాత మా మామగారు పోయారు, డీలియా కూడా పోయింది. ఆవిడను మా చర్చి వెనకే పూడ్చారు. ఆనాటి నుంచి మాలకీ ఏ చర్చిలోనూ కనబడలేదు. పూజ వంతు అతని గడప తొక్కకుండా పక్క ఇంటికి పోయింది. మేం దాటించలేదు, అదే దాటిపోయింది అంటారు మావాళ్లు.

ఈసారి చలికాలం ముందు వంతు మాది. పిలుపులకు బయల్దేరుతూ, వంటింట్లో స్పూన్లు తోముతున్న అత్తగారిని అడిగాను.

"అత్తయ్యా, పైన మాలకీకి కూడా చెప్పి రానా?"

"వాడికెందుకు?" ఆవిడ తలెత్తలేదు. "వాడు మనవాడు కాదు. గ్లాన్‌బ్రాక్ వాడు."

"ఎవరివాడైతేనేం. ఒక కోడిగుడ్డు, ఒక కప్పు టీ. మనకేం తరిగిపోతుందని?"

"స్లైగో పట్నం పిల్లవి, నీకేం తెలుసు మా హద్దులు? ఒకసారి పిలిచామంటే మన నెత్తిన పడతాడు. రేపు మంచాన పడితే ఎవరు చేస్తారు, నువ్వు చేస్తావా? వాళ్లవాళ్లు చూసుకుంటున్నారుగా, చూసుకోనీ."

ఇరవై ఏళ్లు కాపురం చేసినా నేను పట్నం పిల్లనే. ఫెర్గల్ వైపు చూశాను. అతను కుర్చీ ఎక్కి గోడకు రంగేస్తున్నాడు.

"అమ్మతో ఎందుకొచ్చిన గొడవ, ఇమెల్డా," అన్నాడు గోడతోనే. "ఆ నిచ్చెన ఇటు జరుపు."

నిచ్చెన జరిపాను. ఆ రోజు పిలుపులు చెప్పి, పై మలుపు దగ్గర నుంచే వెనక్కి తిరిగాను.

పూజ రోజు పొద్దున్నే జనం దిగారు. జనం అంటే ఎవరో కాదు, కొండ మీద మిగిలిన వాళ్లందరూ మా ముందుగదిలో పట్టేశారు. ఫాదర్ హెగార్టీ కొత్తవాడు. ఇదివరకు డ్రమ్‌కీల్‌కి ఒక ఫాదర్, గ్లాన్‌బ్రాక్‌కి ఒక ఫాదర్ ఉండేవారు. రెండు చోట్లా బెంచీలు ఖాళీ అయ్యేసరికి, బిషప్పుగారు ఈ ఏడాది ఇద్దరినీ తీసేసి రెండింటికీ ఈయన ఒక్కణ్ణే పంపాడు. మనిషి సన్నగా, గట్టిగా నవ్వితే విరుగుతాడేమో అన్నట్టు ఉంటాడు.

పూజ అయ్యాక, టిఫినుకు ముందు, ఫాదర్ వరసలోని ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలవాలి. ఆ ఇంటి పెద్ద "ఉన్నాం, ఫాదర్" అనాలి. పాత ఫాదర్‌కి ఎవరున్నారో ఎవరు పోయారో తెలుసు కనక ఉన్న పేర్లే పిలిచేవాడు. ఈయనకు తెలీదు. పాత కాగితం చేతిలో పట్టుకుని మొదటి నుంచీ మొదలుపెట్టాడు.

"గిల్రేన్."

"ఆస్ట్రేలియాలో ఉన్నారు, ఫాదర్," అన్నారు ఎవరో.

"మెక్‌హ్యూ."

"అక్కడ చెట్లున్నాయి, ఫాదర్. పిలిస్తే పలకవు," అన్నాడు పోస్టుమాన్ జార్లత్. అందరూ నవ్వారు. ఫాదర్ కూడా కొంచెం నవ్వాడు.

"టియర్నీ."

"ఉన్నాడు గానీ, మావాడు కాదు, ఫాదర్," అంది మా అత్తగారు. "గ్లాన్‌బ్రాక్ వాడు."

ఫాదర్ కాగితం మీంచి తలెత్తాడు. "పోయిన వారం గ్లాన్‌బ్రాక్‌లో చేశానమ్మా పూజ. అక్కడి కాగితంలోనూ ఈ పేరుంది. పిలిస్తే బార్ట్లీ అనే ఆయన లేచి, 'మావాడు కాదు ఫాదర్, వాళ్లక్క డ్రమ్‌కీల్ మట్టిలో ఉంది, అతన్ని వాళ్లే చూసుకుంటారు' అన్నాడు."

వంటింట్లో కెటిల్ మరుగుతున్న చప్పుడు వినబడింది.

"మరి చూసుకుంటున్నది ఎవరు?" అన్నాడు ఫాదర్.

ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు.

"జార్లత్, నువ్వు పైకి పోతావుగా?" అని అడిగాను.

"ఉత్తరం ఉంటే పోతాను. ఆయనకెవరు రాస్తారు?" జార్లత్ టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. "గడ్డి కోతలప్పుడు కరెంటు బిల్లు ఇచ్చొచ్చా. బాగానే ఉన్నాడు. కొత్త ఫాదర్ రెండు పారిష్‌లకీ ఒక్కడేనంట కదా అని అడిగాడు. అవునన్నా. పండగొచ్చినట్టు సంబరపడ్డాడు."

"ఎందుకంట?"

"నేనడగలేదు."

"ఆ తర్వాత పొగైనా చూశారా ఎవరన్నా, ఆ ఇంట్లోంచి?"

"ఆ చెట్లు వచ్చాక పొగేం కనబడుతుంది, ఇమెల్డా," అన్నాడు ఫెర్గల్.

ఫాదర్ మా హాల్లోంచే గ్లాన్‌బ్రాక్‌కి ఫోన్ చేసి, మాలకీ ఇంటికి రమ్మని బార్ట్లీకి చెప్పాడు. ఉడికిన గుడ్లు కప్పుల్లోనే ఉన్నాయి. కోసిన రొట్టె కోసినట్టే ఉంది. అందరం కోట్లు తగిలించుకుని బయటపడ్డాం. మా అత్తగారు కూడా బయల్దేరింది. వద్దనే ధైర్యం ఎవరికీ లేదు.

చెట్లలో దారి పూడుకుపోయింది. కొమ్మలు పక్కకు తోస్తూ మగవాళ్లు ముందు నడుస్తుంటే వెనక నుంచి మాటలు వినబడుతున్నాయి. గ్లాన్‌బ్రాక్ వాళ్లకు బుద్ధి లేదని ఒకరు, డీలియా బతికుండగానే హద్దు తేల్చేసి ఉండాల్సిందని ఇంకొకరు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అక్కడ మనిషి ఉన్నాడో పోయాడో తెలీదు, మీకింకా హద్దులా?" అని అరిచాను.

ఇవతలి పాయ వానలకు నిండుగా పారుతోంది. దాటడానికి వేసిన పలక గడ్డి కోతల తర్వాత ఎప్పుడో కొట్టుకుపోయింది. కొట్టుకుపోయిందన్న సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. ఫెర్గల్ వాళ్లమ్మను వీపున ఎక్కించుకుని నీళ్లలోకి దిగాడు. పొట్టేలు గొడవ నాటి నుంచి, డీలియా ఇంట్లో పూజలకు కూడా, ఆవిడ ఆ పాయ దాటలేదు.

చెట్లలోంచి బయటికి రాగానే ఇల్లు కనబడింది. కొత్తగా సున్నం వేసి ఉంది. తలుపుకీ కిటికీలకీ ఆకుపచ్చ రంగు మెరుస్తోంది. మా ఇంటికన్నా బాగుంది, ఉన్నమాట చెప్పాలి.

"బాగానే ఉన్నాడే!" అని ఫెర్గల్ నవ్వేశాడు. నేను కూడా గుండె మీద చెయ్యేసుకున్నాను. అప్పుడు గమనించాం, పొగగొట్టంలో పొగ లేదు. లోపల కుక్క మూలుగుతోంది గానీ, ఇంతమందిమి వస్తున్నా మొరగడం లేదు.

తలుపు గడియ వేసి లేదు. లోపల బల్ల మీద తెల్లటి దుప్పటి పరిచి, దాని మీద రెండు ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు పెట్టి ఉన్నాయి. బల్ల మీదా కిటికీ గట్టు మీదా అల్మరా మీదా ఎక్కడ చూస్తే అక్కడ కప్పులు, సాసర్ల మీద బోర్లించి. ఒంటరి మనిషికి ఇన్ని కప్పులెందుకబ్బా అని ఆ గాభరాలో కూడా అనిపించింది. నేల మీద ఒక కుర్చీ పడి ఉంది. పక్కన ఒలికిపోయి గట్టిపడిన సున్నం, బ్రష్షు. ఆ పక్కనే మాలకీ, ఒక కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. కుక్క అతని పొట్టకు ఆనుకుని పడుకుంది. పైకప్పు సగం తెల్లగా, సగం పొగచూరి నల్లగా ఉంది.

ఊపిరి ఉంది. ఫాదర్ మోకాళ్ల మీద కూర్చుని పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచాడు. ఫాదర్ మెడలో సిలువ చూశాడు.

"పైకప్పు ఇంకా అవ్వలేదు, ఫాదర్," అన్నాడు. గొంతు గరగరలాడుతోంది. "ఫెర్గల్ వాళ్ల తర్వాత మాదే కదా వంతు. ఇప్పుడు రెండూళ్లకీ మీరొక్కరే అన్నారు. ఇంక ఎవరివాడని అడగరు గదా, తప్పకుండా వస్తారనుకున్నా. తొందరపడి కుర్చీ ఎక్కా."

నేను కోటు విప్పి అతని మీద కప్పాను. చెయ్యి పట్టుకుంటే రాయిలా ఉంది. అతని చూపు గుమ్మం దాకా పోయింది. అక్కడ మా అత్తగారు లోపలికి రాకుండా నిలబడి ఉంది.

"హొనోరా," అన్నాడు. "మీ పొట్టేలే నా కంచె విరగ్గొట్టింది. నేను విరగ్గొట్టలా."

"అవునులే మాలకీ, అదే విరగ్గొట్టింది," అంది ఆవిడ. "ఇంక మాట్లాడకు. ఊపిరి దాచుకో."

తలుపు ఊడదీసి అతన్ని దాని మీద పడుకోబెట్టాం. సరిగ్గా అప్పుడే అటు వైపు నుంచి బార్ట్లీ, గ్లాన్‌బ్రాక్ వాళ్లు రొప్పుకుంటూ వచ్చారు. బార్ట్లీ లావుపాటి మనిషి, ముఖం కందగడ్డలా ఉంది. వచ్చీ రాగానే తలుపుకి రెండో కొస పట్టుకున్నాడు.

"మావైపు తీసుకుపోతాం. మావాడు," అన్నాడు.

"పోయిన వారం కాదన్నావంటగా?" అన్నాడు ఫెర్గల్, తన కొస వదలకుండా. "మా ఇంటికి దించుతాం. వాళ్లక్క మా దగ్గరే ఉంది."

తలుపు అటూ ఇటూ ఊగింది. మాలకీ మూలిగాడు.

"ఇన్నేళ్లూ ఒక్క చెయ్యీ లేదు, ఇప్పుడు పీక్కుంటారా మనిషిని!" అన్నాను. ఏడుస్తున్నానో అరుస్తున్నానో నాకే తెలీలేదు. "రోడ్డు ఎటు దగ్గర? అటు నడవండి!"

గ్లాన్‌బ్రాక్ రోడ్డే దగ్గర. రెండూళ్ల మగవాళ్లూ కలిసే మోశారు. అంబులెన్సు అక్కడికే వచ్చింది.

స్లైగో ఆసుపత్రికి వీలైనప్పుడల్లా బస్సులో వెళ్లొచ్చేదాన్ని. కాలికి ఏదో చేశారు గానీ, చల్లటి నేల మీద పడి ఉండటంతో ఊపిరితిత్తులు పాడయ్యాయని చెప్పారు. నేను వెళ్లినప్పుడల్లా అతను కుక్క గురించి అడిగేవాడు. అది మా ఇంట్లోనే ఉందని, మా అత్తగారి మంచం కిందే పడుకుంటోందని చెబితే నమ్మలేదు. తర్వాత ఇంకొకటి అడిగేవాడు.

"నా వంతు ఉంచుతారా, ఇమెల్డా?"

"ఉంచుతాం. వసంతంలో నీదే."

"సున్నం కొంచెం మిగిలే ఉంటుంది. గడ్డకట్టకపోతే."

క్రిస్మస్ దగ్గర పడుతుండగా పోయాడు.

ఆసుపత్రి నుంచి ఫాదర్ మాకు ఫోన్ చేశాడు, బార్ట్లీకీ చేశాడు. మా వైపు గొయ్యి తవ్వడం ఇరుగుపొరుగు పని, డబ్బిచ్చి తవ్వించడం ఎరగం. ఫెర్గల్, జార్లత్ వానలో పలుగులూ పారలూ పట్టుకుపోయి డీలియా పక్కన తవ్వారు. అదే వానలో బార్ట్లీ వాళ్లు గ్లాన్‌బ్రాక్‌లో తవ్వారు. రెండో గొయ్యి సంగతి శవపేటిక వచ్చాక గానీ బయటపడలేదు. బతికున్నప్పుడు ఎవరికీ అక్కర్లేని మనిషికి రెండు గోతులు! చర్చి గేటు దగ్గర మళ్లీ మాటలు లేచాయి. ఫాదర్ వాళ్లను ఆపి, అక్క పక్కనే పెడదామన్నాడు. బార్ట్లీ టోపీ తీసి తలదించుకున్నాడు. వాళ్ల ఊళ్లో గొయ్యిని అతనొక్కడే పూడ్చుకున్నాడట. ఖాళీ గొయ్యి మీద మట్టి పోయడానికి సాయం రమ్మంటే ఎవరూ రాలేదట. అక్కడ నేల ఇప్పటికీ కొంచెం దిగబడే ఉంది.

వసంతం వచ్చింది. వంతు ఎవరిదని ఎవరూ అడగలేదు. మా అత్తగారే ఒకరోజు టీ తాగుతూ అంది.

"వాడింట్లోనే. మాటిచ్చావుగా."

ఫెర్గల్ మనుషుల్ని తీసుకుపోయి పాయ మీద కొత్త పలక వేశాడు. ఊడదీసిన తలుపు మళ్లీ బిగించాడు. మిగిలిన సగం పైకప్పుకి వేద్దామని సున్నం కలుపుతుంటే మా అత్తగారు చూసింది.

"ముట్టుకోకు," అంది. "అలాగే ఉండనీ. అందరూ చూడాలి."

పూజ రోజు రెండూళ్ల వాళ్లూ వచ్చారు. వంటగది పట్టక సగంమంది వాకిట్లో నిలబడ్డారు. ఫాదర్ పూజ చేస్తున్నంతసేపూ తలెత్తిన ప్రతివాడి కళ్లకూ ఆ నల్లటి సగమే తగిలింది. పూజ అయ్యాక ఫాదర్ కాగితం తీశాడు. ఈసారి ఉన్నవాళ్ల పేర్లే పిలుస్తాడనుకున్నాను. పిలిచాడు. చివర ఆగి, ఇంకొక పేరు పిలిచాడు.

"టియర్నీ."

బెంచీ మీద కూర్చున్న మా అత్తగారు లేచింది. పక్కనున్న నా భుజం పట్టుకుంది.

"మావాడే, ఫాదర్," అంది.

నిజం చెబుతున్నాను, నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. ఈ ఒక్క మాట ఆ రోజు స్పూన్లు తోముతూ అని ఉంటే ఈ ఇంట్లో ఇవాళ ఒక మనిషి ఉండేవాడు కదా అని కోపం వచ్చింది. ఆ రోజు పై మలుపు నుంచి వెనక్కి తిరిగింది నేనే కదా అని ఇంకా కోపం వచ్చింది. నా భుజం మీద ఆవిడ చెయ్యి అలాగే ఉంది. దాన్ని తీసెయ్యలేకపోయాను. గుమ్మం బయట నుంచి బార్ట్లీ గొంతు వినబడింది.

"మావాడు కూడా, ఫాదర్."

ఎవరూ కాదనలేదు.

నేను టీ పొయ్యడానికి లేచాను. మా కప్పులూ గ్లాన్‌బ్రాక్ వాళ్ల కప్పులూ బుట్టల్లో తెచ్చుకున్నాం, సరిపోవేమోనని. ముందు మాలకీ బోర్లించి పెట్టినవే ఒక్కొక్కటి తిప్పి, దుమ్ము తుడిచి, టీ పోసి అందిస్తూ పోయాను. వంటగదిలో ఉన్న మావాళ్లకు అయింది. వాకిట్లో ఉన్న గ్లాన్‌బ్రాక్ వాళ్లకూ అయింది. అందరి చేతుల్లోకీ కప్పు వచ్చాక, అల్మరా మీద ఒక్కటి మిగిలింది. బుట్టలు విప్పే పని పడలేదు. మాలకీ తనకని ఉంచుకున్న ఆ కప్పు చేత్తో పట్టుకుని, అందరూ చూస్తుండగా ఏడ్చాను.